వదిన చేతి గోలీ

"గొళ్ళెం మీద చెయ్యెయ్యకు చంద్రికా. చెప్తున్న నీకు."

జైపాల్ అరవలేదు. అరిస్తే ఇంత భయం వేసేది కాదు. చంద్రిక చెయ్యి వెనక్కి తీసుకుంది.

తలుపు అవతల తేజస్విని పాడుతోంది. ఒక పాట సగంలో వదిలేసి ఇంకొకటి అందుకుంటోంది. మధ్యలో నవ్వుతోంది. ఐదు రోజులుగా ఆ పిల్ల కన్ను మూయలేదు. ఈ పొద్దున ఆరింటికి అన్న స్కూటీ తాళాలు తీసుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, ముంబై హైవే మీద ఎదురొచ్చే బండ్లలోకి ఇస్నాపూర్ దాకా పోయింది. లారీ డ్రైవరొకడు బండి అడ్డం పెట్టి ఆపాడు. నైట్ షిఫ్టు దిగి ఇంటికొస్తున్న జైపాల్, రోడ్డు పక్కన జనం మూగి ఉంటే ఏమిటోనని కంపెనీ బస్సు దిగి తొంగిచూశాడు. మధ్యలో చెల్లెలు, నవ్వుతూ, అందరికీ దండాలు పెడుతూ.

రెక్క పట్టుకుని తెచ్చి గదిలో వేసి గొళ్ళెం పెట్టాడు. అప్పటి నుంచి కుర్చీ తలుపుకు ఆనించుకుని కూర్చున్నాడు. కంపెనీ యూనిఫాం కూడా విప్పలేదు.

"మంచం దిగని పిల్ల లేసి తిరుగుతుందని సంబురపడితిని," అంది సంగమ్మ. గడప దగ్గర కూలబడి ఉందావిడ. "బొంతపల్లి వీరభద్రుని చుట్టు పదకొండు దినాలు తిరిగిన. దేవుడు నా మొర ఇన్నడనుకున్న. ఇచ్చినట్టే ఇచ్చి గిట్ల చేసిండేంది కొడకా?"

"దేవుని మాట ఇడిసిపెట్టు అమ్మా. ఆరెంపీ డాక్టర్‌కు ఫోన్ చేసిన. సూది ఏస్తనన్నడు. పంటది."

"సూదా?" అంది చంద్రిక.

"ఏం, నీకేమైంది?"

ఏమీ లేదన్నట్టు తల తిప్పింది. తిప్పగానే నెత్తిలో చిటుక్కున కరెంటు కొట్టినట్టయింది. గోడ పట్టుకుంది. పది రోజులుగా అంతే. కళ్ళు ఇటు నుంచి అటు తిప్పినా చాలు.

ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు.

* * *

మంచినీళ్ళ నెపంతో చెంబు పట్టుకుని వెనక కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"వదినా, ఒచ్చినవా! నీ కోసమే సూస్తున్న." తేజస్విని ఊచలు పట్టుకుని ఉంది. కళ్ళు ఎర్రగా, పెదాలు పగిలి. "నాకొక ఆలోచన ఒచ్చింది వదినా. మనమిద్దరం ల్యాబ్ పెడదాం. మన సొంతది. పాశమైలారంల జాగ సుత అనుకున్న. నువ్వు మేనేజర్‌వి. అన్నను వాచ్‌మన్‌గ పెట్టుకుందాం." పగలబడి నవ్వింది. "నిద్ర ఎందుకొస్తలేదని అడుగుతడు అన్న. అక్కర్లేదు, గందుకే వస్తలేదు. వదినా, నీ గోలీ ఎంత మంచిదే! రెండు నెలలు నా మీద బండరాయి పెట్టినట్టుండె. నువ్వు తీసినవ్ దాన్ని. ఇయ్యాల్టిది ఇయ్యి. ఇయ్యాల రెండియ్యి."

"జెర మెల్లగ మాట్లాడు తేజూ."

"మెల్లగ ఎందుకు? అందరికి చెప్పాలె. అమ్మకు కూడ ఇద్దాం. అమ్మా! ఓ అమ్మా!"

"తేజూ, నీ కాళ్ళు మొక్కుత!"

ఆ మాటకు తేజస్విని ఆగింది. ముఖంలో నవ్వు ఒక్కసారిగా చెదిరిపోయింది. ఊచల మీద వేళ్ళు బిగిశాయి.

"వదినా," అంది చిన్నపిల్లలాగా. "నా కాళ్ళు నా మాట ఇంటలేవు. నెత్తిల మాటలు ఆగుతలేవు. ఎట్లనన్న ఆపు వదినా. నాకు భయమైతుంది."

చంద్రిక ఊచల్లోంచి ఆ వేళ్ళు పట్టుకుంది. కాలిపోతున్నాయి.

ఏడాది కింద రెండోసారి కడుపు పోయినప్పుడు చంద్రిక ఇలాగే గోడకు తిరిగి పడుకుంది. అన్నం ముందు పెట్టుకుని ఎందుకు తినాలో తోచక అలా చూస్తూ కూర్చునేది. అప్పుడు జైపాలే ఒక రోజు సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, సంగారెడ్డి దవాఖానలో డాక్టర్ కృష్ణప్రియ దగ్గరికి తీసుకుపోయాడు. గంటసేపు అడిగింది డాక్టరమ్మ. పుట్టింటి సంగతులు, నిద్ర సంగతి, చచ్చిపోవాలనిపిస్తుందా అన్న సంగతి కూడా. తర్వాతే గోలీ రాసింది. నెల గడిచాక చంద్రికకు కూరలో ఉప్పు తెలిసింది. రెండు నెలలకు బిస్కెట్ కంపెనీ ప్యాకింగ్‌లో పనికి పోగలిగింది. ఇంట్లో మాత్రం అవి బలం గోలీలు. మా అమ్మకు తెల్వొద్దు అన్నాడు జైపాల్. సంగమ్మకు తెలియలేదు.

ఆ తర్వాత తేజస్విని పడుకుంది. ఇరవై ఏళ్ళ పిల్ల, మందుల కంపెనీ ల్యాబ్‌లో ట్రైనీ, ఒక సోమవారం లేవలేదు. మంగళవారం లేవలేదు. రెండు నెలలు లేవలేదు.

"తేజును సుత డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోదాం," అని చంద్రిక నాలుగుసార్లు అడిగింది.

"ఏమైందని తీస్కపోవాలె?" అన్నాడు జైపాల్ నాలుగుసార్లూ. "దానికెవలన్న ఏమన్న అన్నరా? లేదు. ఎవలన్న సచ్చిండ్రా? లేదు. మరి ఏం రోగమని చెప్పాలె? పెండ్లి కావాల్సిన పిల్ల. పిచ్చి డాక్టర్ కాడికి పోయిందంటే ఎవడు చేసుకుంటడు?"

కారణం లేకపోవడమే ఆ పిల్ల పాలిట శాపమైంది.

అందుకని చంద్రికే ఇచ్చింది. తన గోలీని వంటింట్లో చాకుతో రెండు చేసి, సగం తాను వేసుకుని సగం తేజస్విని నోట్లో పెట్టింది. పది రోజులకు పిల్ల లేచి తల దువ్వుకుంది. ఆ సంతోషంలో గోలీ మొత్తం ఇవ్వడం మొదలుపెట్టి, తాను మానేసింది. ఇద్దరికీ సరిపడా తెద్దామని మూల మీది మెడికల్ షాపుకు పోతే బాపిరాజు గారు ఇవ్వలేదు. గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఆ షాపు నడుపుకుంటున్న మనిషి.

"చీటీలో ముప్పై రాస్తే ముప్పయ్యే ఇస్తానమ్మా," అన్నాడు కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "ఇవి ఒకరికి రాస్తే ఇంకొకరు మింగేవి కావు. ఇంకే డాక్టరైనా నీకు సూది వెయ్యబోయినా, మరో మందు రాయబోయినా ముందు దీని పేరు చెప్పాలి. తెలిసిందా?"

తెలిసిందని తల ఊపి వచ్చేసింది.

* * *

ఆరెంపీ డాక్టరు పది గంటలకు బైకు మీద వచ్చాడు. తలుపు కొద్దిగా తెరిచి చూసి, మళ్ళీ వేయించాడు. స్టూలు మీద బ్యాగు పెట్టి సూది తీశాడు.

"ఇద్దరు పట్టుకోవాలె. ఒకటి ఏస్తే సాయంత్రం దాంక లేవదు," అన్నాడు. మందు సీసా మూత గీకుతూ, అలవాటుగా అడిగాడు. "వేరే గోలీలు ఏమన్న వాడుతుందా?"

"ఏం లేవు సారు," అంది సంగమ్మ. "తలనొప్పి గోలీ సుత ఏసుకోదు నా బిడ్డ."

సూదిలోకి మందు ఎక్కుతోంది. చంద్రిక ఆ సూదినే చూస్తోంది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే ఏ గొడవా ఉండదు. పిల్ల పడుకుంటుంది. రేపటికి తగ్గితే తగ్గుతుంది. తగ్గకపోతే? ఆ సూదికీ ఈ గోలీకీ పడకపోతే?

"ఆగుండ్రి సారు."

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"వాడుతుంది. మూడు వారాలసంది. నేనే ఇచ్చిన."

"ఏమిచ్చినవ్?" అన్నాడు జైపాల్.

చంద్రిక వంటింట్లోకి పోయి, పప్పు డబ్బా వెనక నుంచి గోలీల అట్ట తెచ్చి స్టూలు మీద పెట్టింది. జైపాల్ ముఖంలో రక్తం లేదు. ఆ అట్ట అతను గుర్తుపట్టాడు.

సంగమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"నా బిడ్డకు మందు పెట్టినవా?"

ఆ ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. అన్నంలో కలిపి, మనిషిని సర్వనాశనం చేసే మందు.

"పెట్టుడు గాదు అత్తమ్మా. గోలీ. నాకు డాక్టరమ్మ రాసింది. నాకు మంచిగైంది గదా, తేజుకు సుత..."

"నీకు రాసిందా? బలం గోలీలు గదా నీయి?"

చంద్రిక జైపాల్ వైపు చూసింది.

"జైపాలూ. నిన్నే అడుగుతున్న. బలం గోలీలు గావా?"

"కాదమ్మా."

"మరేంది?"

జైపాల్ నేల చూపులు చూస్తున్నాడు. లోపల తేజస్విని మళ్ళీ పాట అందుకుంది.

"ఏడాదిసంది నాకు అబద్ధం చెప్పుకుంట, నా చేతి కూడు తినుకుంట..." సంగమ్మ మాట పూర్తి చేయలేదు. వచ్చి కోడలి చెంప మీద కొట్టింది. గట్టి దెబ్బ కాదు. వయసైన చెయ్యి. కానీ చంద్రిక నెత్తిలో ఒకటి వెంట ఒకటి మూడు కరెంటు షాకులు కొట్టాయి. కళ్ళు మూసుకుని నిలబడింది.

ఆరెంపీ సూదిలోని మందు నేల మీదికి చిమ్మేశాడు. "నేను ముట్టను. ఆ గోలీ మీద నాకు తెల్వకుండ ఇంకోటి ఏస్తే పానం మీదికొస్తది. సంగారెడ్డి తీస్కపోండ్రి. ఆ అట్ట పట్టుకపోండ్రి, మర్వొద్దు."

అతని బైకు చప్పుడు సందు మలుపు తిరిగింది.

"నీకు బాగలేనప్పుడు చెయ్యి పట్టుకొని తీస్కపోయిన నేను," అన్నాడు జైపాల్. "నా చెల్లెకు నువ్వు చేసింది ఇదా?"

"నిన్ను అడిగిన గదా. నాలుగుసార్లు అడిగిన."

"అడిగినవ్. నేనొద్దన్న. ఒద్దంటే దొంగతనంగ ఇస్తవా?"

దానికి జవాబుంది. కానీ హైవే మీద చెప్పుల్లేకుండా దొరికిన పిల్ల తలుపు అవతల ఉండగా ఆ జవాబు నోటికి రాలేదు.

* * *

ఆటోలో తేజస్వినిని మధ్యలో కూర్చోబెట్టి ఒకవైపు తల్లి, ఒకవైపు అన్న పట్టుకున్నారు. చంద్రిక డ్రైవరు పక్కన ఒదిగి కూర్చుంది. ఎక్కమని ఎవరూ అనలేదు. అట్ట ఆమె చేతిలో ఉంది కాబట్టి వద్దనలేదు. రుద్రారం, కంది, సంగారెడ్డి. దారి పొడుగునా తేజస్విని బోర్డులన్నీ పైకి చదువుతూనే ఉంది.

డాక్టర్ కృష్ణప్రియ తేజస్వినిని పావుగంట చూసి, నర్సులతో వార్డుకు పంపింది. తర్వాత చంద్రిక వైపు తిరిగింది.

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

"నేను మంచికే అనుకున్న మేడం. ఆ పిల్ల బాధ సూడలేక..."

"చంద్రికా, నాకిప్పుడు తారీఖులు కావాలి. సగం ఎన్ని రోజులు, మొత్తం ఎన్ని రోజులు?"

చెప్పింది. డాక్టర్ రాసుకుంది.

"నిద్ర ఎప్పటి నుంచి తగ్గింది? మొదట చిరాకు పడిందా? చచ్చిపోతానని ఎప్పుడైనా అందా?"

"లేదు మేడం. సంబురంగనే ఉండె."

"అదే భయం." ఆమె పెన్ను కింద పెట్టింది. జైపాల్ వైపు కూడా చూసి చెప్పింది. "పైకి ఒకేలా కనిపించే దిగులు రెండు రకాలు. ఒకదానికి ఈ గోలీ మందు. రెండోదానికి ఈ గోలీ ఒక్కటే ఇస్తే మనిషి ఇలా ఎగిరిపోవచ్చు. అందుకే రాసేముందు అంతసేపు అడుగుతాం. రాశాక కూడా వారం వారం రమ్మంటాం, అందులోనూ ఈ వయసు పిల్లల్ని. ఈ మందు ఇవాళ్టితో ఆపేస్తాం. కొన్ని రోజులు ఇక్కడే ఉండాలి." మళ్ళీ పెన్ను అందుకుంది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? కొన్నాళ్ళు నిద్ర లేకుండా తిరగడం, కొన్నాళ్ళు మంచం దిగకపోవడం? ఏ మందు ఇవ్వాలో తేల్చుకోవడానికి అది నాకు చాలా ముఖ్యం."

"లేదమ్మా," అంది సంగమ్మ వెంటనే. "మా ఇంట్ల ఎవలకు లేదు."

"మీరు?" అంది డాక్టర్ చంద్రికతో. "మీ గోలీ మీరు వేసుకుని ఎన్నాళ్ళైంది?"

"పది రోజులు."

"ఉన్నట్టుండి మానేశారు కదా, తల తిప్పితే కరెంటు కొట్టినట్టుందా?"

ఏడాదిలో ఎవరైనా ఆమెను చూసి, ఆమె నోరు విప్పకుండానే, ఏమవుతుందో చెప్పింది అదే మొదటిసారి. చంద్రికకు ఏడుపు ఆగలేదు.

"ఇవాళ్టి నుంచి మళ్ళీ వేసుకోండి. మీ ఇష్టానికి మానెయ్యొద్దు. ఆపాల్సినప్పుడు నేనే చెప్తా, మెల్లగా తగ్గిస్తా." చీటీ రాసి ఇచ్చింది.

ఆ చీటీని జైపాల్ అందుకున్నాడు. మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

* * *

వరండాలో బెంచీ మీద సంగమ్మ, చంద్రిక. జైపాల్ అడ్మిషన్ కాగితాల కోసం కింది అంతస్తుకు పోయాడు.

"మీ మామ గిట్లనే ఉండె," అంది సంగమ్మ.

ఎదురుగా ఉన్న గోడతో చెప్పినట్టు చెప్పింది. చంద్రికకు ముందు అర్థం కాలేదు.

"నెల దినాలు నిద్ర పోకపోయేది. ఎడ్లు కొంటనని జోగిపేట అంగడికి పోయి అందర్ని బువ్వకు పిలుచుకొచ్చేది. మళ్ళ రెండు నెలలు లేవకపోయేది. తాగుతడని అందరికి చెప్పిన. తాగకపోయేది. ఒక్క సుక్క ముట్టకపోయేది." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఎట్ల పోయిండో జైపాలుకు తెల్వదు. తేజుకు తెల్వదు. అది నా కడుపుల ఉండె."

"అత్తమ్మా, గీ మాట డాక్టరమ్మకు చెప్పాలె. ఇప్పుడే అడిగింది గదా."

సంగమ్మ అప్పుడు తిరిగింది. కోడలి మణికట్టు పట్టుకుంది.

"చెప్పొద్దు. కాగితం మీద ఎక్కుతది. తండ్రికుండె, బిడ్డకొచ్చింది అంటరు. రేపు జైపాలుకు పిల్లలైతే వాళ్ళకూ అంటరు. ఇంటికే పేరైతది. ఇగ ఎవడొస్తడు నా బిడ్డకు?" గొంతు తగ్గించింది. "నువ్వు చేసింది నేను మర్సిపోత. జైపాలుకు నేను చెప్త. నువ్వు మా ఇంట్లనే ఉంటవ్, ఎప్పటి తీరు. గా ఒక్క మాట నీ నోట్ల ఉంచుకో."

చంద్రిక ఆ చేతి వైపు చూసింది. పొద్దున చెంప మీద పడ్డ చెయ్యే అది. ఇప్పుడు బతిమాలుతోంది.

ఎప్పటి తీరు ఉండవచ్చు. ఇంట్లో వంట చేసుకుని, పొద్దున కంపెనీ బస్సెక్కి, సాయంత్రం జైపాల్‌కు చాయ్ ఇచ్చి. తల్లి లేని పుట్టింట్లో తండ్రే తన తమ్ముడి పంచన ఉంటున్నాడు. అక్కడ ఆమెకు చోటు లేదు. ఉండడానికి ఉన్నది ఈ ఇల్లు ఒక్కటే. దానికి ఒక్క మాట చాలు. ఇప్పటిదాకా దాచిన వాటిలో ఇంకొకటి.

వార్డు తలుపు అవతల ఏదో కింద పడ్డ చప్పుడైంది. తేజస్విని అరుపు వినిపించింది.

చంద్రిక మణికట్టు విడిపించుకుంది. లాగలేదు. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే తీసి, ఆవిడ ఒడిలో పెట్టింది.

"నన్ను తిట్టుకో అత్తమ్మా," అంది. లేచి డాక్టర్ గదిలోకి పోయింది.

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. డాక్టర్ రాసుకుంటున్నంతసేపూ చంద్రిక నిలబడే ఉంది. "ఇది చెప్పకపోయుంటే మళ్ళీ తప్పుదారి పట్టేవాళ్ళం," అంది డాక్టర్. ఆ మాట చంద్రిక చెవికెక్కలేదు. తలుపు సందులోంచి వరండా కనిపిస్తోంది. జైపాల్ తిరిగొచ్చాడు. తల్లి అతనికి ఏదో చెబుతోంది. అతను వింటున్నాడు.

బయటికొచ్చేసరికి సంగమ్మ ముఖం తిప్పుకుంది.

"మా నాయిన గురించి నువ్వు చెప్పినవా?" అన్నాడు జైపాల్. "నాకే తెల్వని మాట, నాకంటె ముందుగాల బయటోళ్ళకు చెప్పినవా?"

"తేజు కోసం..."

"తేజు పేరెత్తకు."

జేబులోంచి ఫోన్ తీశాడు. "మీ నాయినకు ఫోన్ కొడుతున్న. సాయంత్రం బస్సుకొచ్చి తీస్కపోతడు."

ఆ మాట అన్నాక అతను కూడా బెంచీ మీద కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. షర్టు జేబులో చంద్రిక చీటీ అంచు కనిపిస్తోంది. అడగాలి.

వార్డు తలుపు తెరుచుకుంది. నర్సు తల బయట పెట్టింది.

"తేజస్విని వదిన ఎవరు? గోలీ వేసుకోమంటే వేసుకోదు. వదిన చేతితోనే వేసుకుంటదట."

జైపాల్ తలెత్తలేదు. సంగమ్మ లేచి, కొంగు సర్దుకుని, చంద్రికకు అడ్డంగా నిలబడింది.

"వదిన ఎవలు లేరమ్మా," అంది. "నేను తల్లిని. నేనొస్త."

తలుపు ఆవిడ వెనకే మూసుకుంది. తర్వాత లోపలి నుంచి తేజస్విని గొంతు, పొద్దుటి నుంచి మొదటిసారి పాట లేకుండా, నవ్వు లేకుండా వచ్చింది.

"నువ్వొద్దు. వదిన ఏది? వదిననేం చేసిండ్రు?"